బటన్ నొక్కినా ఎల్‌ఈడీ వెలగదేం? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిదీ ఒకటే గోడు: వైరు లేకుండా ఎల్‌ఈడీ వెలిగించబోతే అది మాట వినడం లేదు. అందరి అనుమానమూ రేడియో మీదే. తీరా వివరాలు చదివితే, గాలిలో సిగ్నల్ తప్పిపోయిన కేసులు తక్కువే. కరెంటు చాలకపోవడం, గ్రౌండు (కరెంటు తిరిగి వెళ్లే ఉమ్మడి మైనస్ దారి) కలపకపోవడం, ఒకే పిన్నుకు రెండు పనులు అప్పజెప్పడం, అసలు దోషులు ఎక్కువగా ఇవే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఒకటిగా ఇస్తున్నాం.

ప్రశ్న: రెండు ఆర్డుయినో యూనో బోర్డులు (ప్రోగ్రాం ఎక్కించి నడిపే చిన్న కంట్రోలర్లు), రెండు ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 రేడియో మాడ్యూళ్లు పెట్టాను. ఒకవైపు బటన్, రెండోవైపు ఎల్‌ఈడీ. కోడు తప్పులేమీ చూపకుండా ఎక్కుతోంది. బటన్ నొక్కితే ఒక్కోసారి వెలుగుతుంది, చాలాసార్లు వెలగదు. వైర్లు కాస్త కదిపితే కాసేపు బాగా పనిచేస్తుంది. మాడ్యూల్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు. "వైర్లు కదిపితే పనిచేస్తుంది" అన్న మాటలోనే రోగం తెలిసిపోతోంది. మాడ్యూల్‌కు కరెంటు నిలకడగా అందడం లేదు.

ఈ చిప్ 1.9 నుంచి 3.6 వోల్టుల మధ్య పనిచేస్తుంది. వాడేది కూడా కొంచెమే: పంపేటప్పుడు 11 మిల్లీఆంప్‌లకు కాస్త పైన, వినేటప్పుడు 13 ప్రాంతంలో. యూనో 3.3 వోల్టుల పిన్ను 50 మిల్లీఆంప్‌లు ఇవ్వగలదు. లెక్క ప్రకారం సరిపోవాలి కదా అనిపిస్తుంది. చిక్కేమిటంటే ఆ కరెంటు నింపాదిగా పారదు. రేడియో నిద్రలేచిన కొద్ది మైక్రోసెకన్లలోనే ఒక్కసారిగా గుంజుతుంది. పొడుగాటి జంపర్ వైర్లు, వదులైన బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) పట్లు దాటి ఆ కరెంటు వచ్చేలోపు మాడ్యూల్ దగ్గర వోల్టేజి ఒక్క క్షణం కుంగుతుంది. మల్టీమీటర్ పెడితే మాత్రం చక్కగా 3.3 చూపిస్తుంది, ఎందుకంటే అది చూపేది సగటు. అందుకే "వోల్టేజి సరిగానే ఉంది" అని రాసినవాళ్లందరికీ ఇదే సలహా ఇవ్వాల్సి వస్తోంది.

10 నుంచి 47 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ ఒకటి తీసుకుని, మాడ్యూల్ వీసీసీ (కరెంటు లోపలికి వచ్చేది), గ్రౌండ్ పిన్నుల మీదే టంకం వేయండి. బ్రెడ్‌బోర్డు అవతలి అంచున గుచ్చితే ఫలితం ఉండదు. అది ఆ పొడుగాటి వైరుకు అవతల పడిపోతుంది, మనకు కావలసింది ఇవతల. ఎలక్ట్రోలిటిక్ మీద చార ఉన్న కాలు నెగటివ్. ఇది రెండు వైపులా చేయాలి. పంపే మాడ్యూల్‌కు మాత్రమే పెట్టి ఊరుకుంటే సగం పనే అయినట్టు, ఎందుకంటే అందుకున్నట్టు రసీదు పంపడానికి అవతలి చిప్ కూడా ప్రసారం చేయాలి.

పొడుగు యాంటెన్నాతో, యాంప్లిఫయర్‌తో వచ్చే పెద్ద మాడ్యూల్ అయితే కథ వేరు. అది ప్రసార సమయంలో 100 మిల్లీఆంప్‌లు దాటుతుంది. యూనో 3.3 పిన్ను దానికి చాలదు, కెపాసిటర్ పెట్టినా చాలదు. 5 వోల్టుల నుంచి ఏఎంఎస్1117-3.3 రెగ్యులేటర్‌తో విడిగా 3.3 తీసి, దాని అవుట్‌పుట్ దగ్గర 22 మైక్రోఫారడ్‌లు పెట్టి ఇవ్వండి. వీసీసీకి నేరుగా 5 వోల్టులు మాత్రం తగిలించవద్దు, చిప్ కాలిపోతుంది. సిగ్నల్ పిన్నులు 5 వోల్టులను తట్టుకుంటాయి కాబట్టి యూనోతో వాటికి మార్పిడి సర్క్యూట్ అక్కర్లేదు.

కరెంటు సరిచేశాక కూడా మొండికేస్తే, మొత్తాన్ని ఒకేసారి వెతక్కుండా ముక్కలు చేయండి. ముందు రేడియో పీకేసి ఎల్‌ఈడీని ఒక సెకను వెలిగించి ఒక సెకను ఆర్పే చిన్న స్కెచ్ (ఆర్డుయినో ప్రోగ్రాం) ఎక్కించండి. అది వెలగకపోతే మిగతా గొడవంతా అనవసరం. తర్వాత రెండో బోర్డులో బటన్ విలువను సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మాటలు కంప్యూటర్‌లో కనిపించే కిటికీ) చూడండి. నొక్కకుండానే సున్నా, ఒకటి అంటూ దొర్లుతుంటే పిన్ను గాలిలో తేలుతోందన్నమాట. పిన్‌మోడ్‌లో ఇన్‌పుట్_పుల్అప్ (పిన్నును లోపలి నుంచే ఒకటి దగ్గర పట్టి ఉంచే అమరిక) పెట్టి, బటన్ రెండో కాలు గ్రౌండుకు కలపండి. అప్పుడు నొక్కితే సున్నా వస్తుంది, వదిలితే ఒకటి. ఈ తిరకాసు గుర్తుంచుకోండి.

ఈ రెండూ సరిగా ఉంటే ఇక చిప్‌ను పలకరించవచ్చు. ఆర్‌ఎఫ్24 లైబ్రరీలో (ఈ చిప్ కోసం సిద్ధంగా దొరికే కోడు) రేడియో.బిగిన్() తిరిగిచ్చే విలువను చాలామంది పట్టించుకోరు. అది ఫాల్స్ అంటే చిప్ అసలు పలకలేదని అర్థం. రేడియో.ప్రింట్‌డీటెయిల్స్() అని అడిగితే చిప్ లోపలి విలువలన్నీ కనిపిస్తాయి (దీనికి ముందు ప్రింట్‌ఎఫ్_బిగిన్() పిలవాలి, లేకపోతే ఏమీ అచ్చవదు). అక్కడ అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌ఎఫ్‌లో వస్తే తప్పు వైరింగ్‌లోనే. బోర్డు చిప్‌తో మాట్లాడే ఎస్‌పీఐ దారి పిన్నులు యూనోలో ఇవి: ఎస్‌సీకే (క్లాకు) 13, మిసో 12, మోసీ 11. సీఈ, సీఎస్‌ఎన్ అనే అదుపు పిన్నులు మాత్రం మీ ఇష్టం, కోడులో రాసిన పిన్నులకే కలపాలి. మాడ్యూల్‌కు ఉన్న 8 పిన్నులను తిరగేసి కింది నుంచి చూస్తూ వైరింగ్ చేస్తే ఎడమ కుడి తారుమారవుతాయి. బొమ్మ పై నుంచి గీసిందో కింది నుంచి గీసిందో చూసుకోండి.

చిప్ పలుకుతోంది, మాట మాత్రం అవతలికి చేరడం లేదంటే రెండు స్కెచ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. అడ్రసు, ఛానల్, డేటా రేటు, పేలోడ్ సైజు (ఒక్కో సందేశం పొడవు) ఈ నాలుగూ అచ్చం ఒకేలా ఉండాలి. వినేవైపు స్టార్ట్‌లిజనింగ్, పంపేవైపు స్టాప్‌లిజనింగ్ ఉండాలి. డేటా రేటు 250 కేబీపీఎస్ పెట్టారా? చిప్ పేరు చివర ప్లస్ గుర్తున్న రకానికే అది తెలుసు. పాత రకంలో పనిచేయదు. 1 ఎంబీపీఎస్ రెండింటికీ వచ్చు, పరీక్షకు అదే పెట్టండి.

ఛానల్ సంగతి. ఛానల్ సంఖ్యకు 2400 కలిపితే మెగాహెర్ట్జ్ వస్తుంది. లైబ్రరీ తనంత తాను పెట్టేది 76, అంటే 2476. వైఫై ఛానల్ 11 సుమారు 2473 దగ్గర ముగుస్తుంది కాబట్టి 76 నుంచి 80 లోపు ప్రశాంతంగానే ఉంటుంది. వైఫైకి దూరంగా పోదామని 108 పెట్టే అలవాటు చాలా ఉదాహరణ కోడుల్లో కనిపిస్తుంది. సాధారణంగా లైసెన్సు లేకుండా వాడుకునే ఫ్రీక్వెన్సీ పట్టీ 2483.5 దగ్గరే ఆగిపోతుంది, 2508 దాని బయట. అంత దూరం పోవద్దు.

ఇంకొక్కటి. రేడియో.రైట్() ట్రూ ఇస్తే అవతలి చిప్ అందుకుని రసీదు పంపిందని అర్థం. అవతలి ప్రోగ్రాం దాన్ని చదివిందని కాదు, రసీదు చిప్ తనకు తానే ఇచ్చేస్తుంది. ఇక్కడ ట్రూ వస్తూ అక్కడ ఎల్‌ఈడీ వెలగడం లేదంటే రేడియోను వదిలేసి అవతలి కోడు మీద పడండి. రెండు మాడ్యూళ్లనూ బల్ల మీద అరచేతి దూరంలో పెట్టి పరీక్షించకండి, ముఖ్యంగా యాంప్లిఫయర్ ఉన్నవాటిని. చెవిలో అరిచినట్టుంటుంది. ఒక మీటరు ఎడం ఇచ్చి, పవర్‌ను తక్కువ స్థాయికి (పీఏ_లో) తగ్గించండి.

ప్రశ్న: అదే సెట్టు నాదీ. సీరియల్ మానిటర్‌లో సందేశం వస్తోంది. బోర్డు మీది ఎల్‌ఈడీ మాత్రం నా మాట వినకుండా మసకగా మిణుకుతోంది.

జవాబు: యూనో బోర్డు మీది ఎల్‌ఈడీ 13వ పిన్నుకు ఉంటుంది. ఎస్‌పీఐ క్లాకు కూడా 13వ పిన్నే. రేడియో మొదలైన క్షణం నుంచి ఆ పిన్ను ఎస్‌పీఐ సొత్తు, మీ డిజిటల్‌రైట్ ఆదేశం దానికి వినపడదు. మసక మిణుకు క్లాకు పల్సులదే. ఎల్‌ఈడీని 2 నుంచి 8 లోపు పిన్నుకు మార్చి, 220 ఓమ్‌ల రెసిస్టర్ వేయండి. ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తింటుంది, మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే 13.6 మిల్లీఆంప్‌లు, పిన్నుకు హాయి. 10వ పిన్నుకు బటన్ పెట్టకండి. అది ఇన్‌పుట్‌గా ఉండి సున్నాకు పడితే ఎస్‌పీఐ యజమాని హోదా పోగొట్టుకుని రేడియో మొత్తం మూగబోతుంది.

ప్రశ్న: హెచ్‌సీ-05 బ్లూటూత్‌తో ఫోన్ నుంచి 1 పంపితే ఎల్‌ఈడీ వెలగాలి, 0 పంపితే ఆరాలి. ఫోన్ కనెక్టయింది. 1 పంపితే ఏమీ కాదు. సీరియల్ మానిటర్‌లో 49, 13, 10 అని మూడు అంకెలు కనిపిస్తున్నాయి.

జవాబు: ఆ మూడు అంకెలూ రాసి పంపి మంచి పని చేశారు, జవాబు అందులోనే ఉంది. ఫోన్ యాప్ పంపేది ఒకటి అనే సంఖ్యను కాదు, '1' అనే అక్షరాన్ని. దాని కోడు 49. '0'కు 48. మీ కోడులో సంఖ్య 1తో పోలిస్తే ఎప్పటికీ కుదరదు. ఒంటి కొటేషన్ల మధ్య '1' అని రాయండి.

అది దిద్దాక రెండో గొయ్యి కాచుకుని ఉంది. 13, 10 అనేవి యాప్ వరుస చివర తగిలించే గుర్తులు. మీ కోడులో "'1' అయితే వెలిగించు, లేకపోతే ఆర్పు" అని ఉంటే ఏమవుతుందో చూడండి. 49 వచ్చింది, ఎల్‌ఈడీ వెలిగింది. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక మిల్లీసెకను తర్వాత 13 వచ్చింది. అది '1' కాదు కాబట్టి ఎల్‌ఈడీ ఆరింది. ఒక్క మిల్లీసెకను వెలుగు మీ కంటికి ఆనదు, మీకేమో అసలు వెలగనే లేదనిపిస్తుంది. "లేకపోతే" తీసేసి, '0' వచ్చినప్పుడే ఆర్పమని విడిగా చెప్పండి. మిగతావి వస్తే పట్టించుకోవద్దు.

వైరింగ్‌లో చూడవలసినవి: ఒకదాని టీఎక్స్ (పంపే పిన్ను) రెండోదాని ఆర్‌ఎక్స్‌కు (అందుకునే పిన్ను) పోవాలి. మాడ్యూల్ ఆర్‌ఎక్స్ పిన్ను 3.3 వోల్టులది. యూనో టీఎక్స్ నుంచి 1 కిలోఓమ్ దాటించి దానికి ఇచ్చి, అక్కడి నుంచి గ్రౌండుకు 2 కిలోఓమ్‌లు పెడితే 5 వోల్టులు 3.3కు దిగుతాయి. 0, 1 పిన్నులకు తగిలిస్తే స్కెచ్ అప్‌లోడ్ కాదు, యూఎస్‌బీకీ దానికీ దారి ఒకటే. ఎక్కించేటప్పుడు పీకి, తర్వాత పెట్టండి. మాటల వేగం 9600, మాడ్యూల్ అమరికలు మార్చే ఏటీ ఆదేశాలకు మాత్రం 38400. జత కలిపే రహస్య సంఖ్య 1234, కాకపోతే 0000. ఐఫోన్‌లో ఈ మాడ్యూల్ ఎంతకీ జతకాదు. అది పాత తరహా బ్లూటూత్, ఐఫోన్ యాప్‌కు బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త తరహా బ్లూటూత్) ఉన్న మాడ్యూల్ కావాలి.

ప్రశ్న: యూనో, 60 ఎల్‌ఈడీల డబ్ల్యూఎస్2812బీ (ఒక్కో ఎల్‌ఈడీకి విడిగా రంగు చెప్పగల) పట్టీ, సాఫ్ట్‌వేర్‌సీరియల్ (మామూలు పిన్నులను కోడుతో సీరియల్‌గా వాడే లైబ్రరీ) మీద బ్లూటూత్. పట్టీ ఒకే రంగులో నిలిచి ఉన్నప్పుడు ఫోన్ మాట వింటుంది. ఇంద్రధనుస్సులా రంగులు పరుగెత్తే ఎఫెక్ట్ పెడితే ఆదేశాలు పోతున్నాయి, లేదా పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. బాడ్ రేటు (సీరియల్ వేగం) పెంచితే ఇంకా అధ్వాన్నం.

జవాబు: ఇది ఈ విడతలో మాకు నచ్చిన ప్రశ్న. ఇక్కడ ఏ భాగమూ చెడలేదు, వైరింగూ తప్పు కాదు. రెండు లైబ్రరీలు ఒకదాని గొంతు ఒకటి నొక్కుతున్నాయి.

ఈ పట్టీకి డేటా వైరు ఒక్కటే, క్లాకు లేదు. సున్నా, ఒకటి అన్నది పల్సు ఎంత పొడుగన్నదాన్ని బట్టి తెలుస్తుంది. ఒక బిట్టుకు 1.25 మైక్రోసెకన్లు. మధ్యలో ఎవరైనా కదిలిస్తే పల్సు సాగి రంగు మారిపోతుంది. అందుకని రంగులను పట్టీకి పంపే షో() పిలిచినప్పుడు యూనోలో లైబ్రరీ ఇంటరప్టులన్నీ (చేస్తున్న పని మధ్యలో చిప్‌ను పిలిచే సంకేతాలు) ఆపేస్తుంది, తలుపేసుకుని పనిచేసుకున్నట్టు. ఒక ఎల్‌ఈడీకి 24 బిట్లు, అంటే 30 మైక్రోసెకన్లు. అరవైకి 1.8 మిల్లీసెకన్లు.

ఇటు 9600 వేగంలో ఒక అక్షరం రావడానికి సుమారు 1.04 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్‌సీరియల్ ఆ అక్షరం మొదటి అంచును ఇంటరప్టుతోనే పసిగడుతుంది. తలుపు మూసి ఉన్న 1.8 మిల్లీసెకన్లలో వచ్చిన అక్షరం పోయినట్టే. తలుపు తెరిచేసరికి సగం గడిచిన అక్షరాన్ని కొత్తది అనుకుని చదివితే అదే మీ పిచ్చి అక్షరం. రంగులు పరుగెత్తేటప్పుడు షో() ఎడతెరిపి లేకుండా నడుస్తుంది కాబట్టి దెబ్బ అప్పుడే కనిపిస్తుంది.

బ్లూటూత్‌ను 0, 1 పిన్నులకు, అంటే అసలైన హార్డ్‌వేర్ సీరియల్‌కు మార్చండి. చిప్‌లోని ఆ భాగం ఇంటరప్టులు ఆగినా రెండక్షరాలు తన దగ్గర దాచుకుంటుంది. 9600 వేగంలో 1.8 మిల్లీసెకన్లకు వచ్చేది రెండక్షరాల లోపే, సరిపోయింది. అదే 115200 వేగంలో అక్షరానికి 87 మైక్రోసెకన్లే, ఆ వ్యవధిలో ఇరవై అక్షరాలు వచ్చిపడతాయి. బాడ్ రేటు పెంచితే మీకు ఇంకా చెడిందంటే కారణం ఇదే. పట్టీ 60 దాటితే 9600 కూడా తగ్గించాలి. లేదా షో()ను ప్రతి 30 మిల్లీసెకన్లకోసారే పిలిచి, ఫోన్ యాప్ ఒక్కో ఆదేశాన్ని రెండు మూడుసార్లు పంపేలా చేయాలి.

శాశ్వత పరిష్కారం అడిగితే బోర్డు మార్చమంటాం. వైఫై, బ్లూటూత్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డులో ఇలాంటి పల్సులు పంపడానికి విడిగా హార్డ్‌వేర్ ఉంది, ఇంటరప్టులు ఆపనక్కర్లేదు. బోర్డు మార్చడం ఇష్టం లేకపోతే క్లాకు వైరు విడిగా ఉన్న ఏపీఏ102 పట్టీ తీసుకోండి. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ వాడుతున్న పాఠకులు ఇద్దరు ఇదే బాధ రాశారు. వారికీ ఇదే కారణం, ఇవే మందులు. ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 వాడేవారికి మాత్రం ఈ బెడద అంతగా ఉండదు, వచ్చిన మూడు సందేశాల దాకా ఆ చిప్ తానే దాచి ఉంచుతుంది.

అన్నట్టు, పట్టీకి కరెంటు ఎక్కణ్నుంచి ఇస్తున్నారో రాయలేదు. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీఆంప్‌ల వరకు లాగుతుంది. అరవైకి 3.6 ఆంప్‌లు. యూనో 5 వోల్టుల పిన్ను నుంచి తీసుకుంటుంటే ముందు అది మానండి. 5 వోల్టుల 4 ఆంప్‌ల అడాప్టర్, పట్టీ మొదట్లో 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, డేటా వైరులో 330 లేదా 470 ఓమ్‌లు పెట్టాలి. అడాప్టర్ గ్రౌండు, బోర్డు గ్రౌండు తప్పక కలవాలి.

ప్రశ్న: యూనోతో చక్కగా వెలిగిన పట్టీ వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డుకు మార్చగానే పిచ్చిపట్టినట్టు రంగులు మారుస్తోంది. డేటా వైరు చేత్తో పట్టుకుంటే ఒక్కోసారి సరిగా పనిచేస్తుంది.

జవాబు: పట్టీ 5 వోల్టులతో నడుస్తున్నప్పుడు డేటా వైరులో 0.7 వంతు, అంటే 3.5 వోల్టులు ఉంటేనే దాన్ని ఒకటిగా లెక్కిస్తుంది. ఈఎస్‌పీ పిన్ను ఇచ్చేది 3.3. అంచు మీద నడక అన్నమాట. కొన్ని పట్టీలు దయతలచి పనిచేస్తాయి, కొన్ని చేయవు, చేసినవి కూడా వేడెక్కాక మొరాయిస్తాయి. సిగ్నల్‌ను 3.3 నుంచి 5 వోల్టులకు పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్‌ను 5 వోల్టులతో నడిపి మధ్యలో పెడితే తీరిపోతుంది. పేరులో టీ అక్షరం ఉండాలి. ఉత్త 74హెచ్‌సీ125 అయితే దానికీ 3.5 వోల్టులే కావాలి, ఉపయోగం లేదు. చిప్ దొరికేదాకా చిన్న చిట్కా ఉంది: మొట్టమొదటి ఎల్‌ఈడీని పట్టీ నుంచి విడదీసి దాని 5 వోల్టుల దారిలో ఒక 1ఎన్4007 డయోడ్ వేయండి. దానికి 4.3 వోల్టులే అందుతాయి, అప్పుడు అది కోరేది 3 వోల్టులు. అది అందుకున్న డేటాను 4.3 వోల్టుల ఎత్తుకు పెంచి తర్వాతి వాటికి అందిస్తుంది. డయోడ్ ఆ ఒక్క ఎల్‌ఈడీకే వేయాలి, పట్టీ మొత్తానికి వేస్తే ఒక ఆంప్ దాటి అది కాలిపోతుంది.

చేత్తో పట్టుకుంటే బాగుపడటం గ్రౌండు సరిగా కలవలేదనడానికి కూడా సూచన. అది ముందు చూడండి.

ప్రశ్న: నోడ్ఎంసీయూ (ఈఎస్‌పీ8266 ఉన్న) బోర్డులో వైఫై పేజీలో ఆన్ నొక్కితే ఎల్‌ఈడీ ఆరుతోంది, ఆఫ్ నొక్కితే వెలుగుతోంది. ఇంకో ఎల్‌ఈడీని డీ3కి పెడితే బోర్డే లేవడం లేదు.

జవాబు: బోర్డు మీది ఎల్‌ఈడీ డీ4కు, అంటే చిప్ లెక్కలో జీపీఐఓ 2కు తలకిందులుగా కలిపి ఉంటుంది. 'లో' (0 వోల్టులు) ఇస్తే వెలుగుతుంది, కోడులో 'హై', 'లో' తారుమారు చేయండి. డీ3 అంటే జీపీఐఓ 0. బోర్డు లేచేటప్పుడు అది హైలో ఉండాలి. అక్కడి నుంచి గ్రౌండుకు కలిపిన ఎల్‌ఈడీ దాన్ని కిందికి లాగేస్తే చిప్ కొత్త ప్రోగ్రాం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. డీ8 మాత్రం బోర్డు లేచేటప్పుడు 'లో' స్థితిలో ఉండాలి. డీ1, డీ2, డీ5, డీ6, డీ7 ఏ పేచీ లేనివి. ఒక్కో పిన్ను 12 మిల్లీఆంప్‌లు దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: ఈఎస్‌పీ32తో వైఫై దీపం చేశాను. 26వ పిన్నులో నాబ్ పెట్టి వెలుగు తగ్గించుకునే ఏర్పాటు ఉంది. వైఫై లేకుండా బాగుంది, వైఫై మొదలెట్టగానే నాబ్ పనిచేయదు.

జవాబు: 26వ పిన్ను ఏడీసీ2 (వోల్టేజిని సంఖ్యగా కొలిచే రెండు భాగాల్లో రెండోది) జట్టులోది. వైఫై నడిచేటప్పుడు ఆ జట్టు మొత్తాన్ని అది వాడేసుకుంటుంది. నాబ్‌ను 32 నుంచి 39 లోపు పిన్నుకు మార్చండి, అవి ఏడీసీ1వి. 34 నుంచి 39 వరకు ఉన్నవి వినడానికే, వాటికి ఎల్‌ఈడీ పెడితే వెలగదు. అలాగే పేజీలో నొక్కిన అర సెకనుకు దీపం స్పందిస్తోందంటే సెటప్‌లో వైఫై.సెట్‌స్లీప్(ఫాల్స్) పెట్టి చూడండి. కరెంటు కాస్త ఎక్కువ తింటుంది, బ్యాటరీ మీద నడిపేవారు ఆలోచించుకోవాలి.

ప్రశ్న: 433 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు, రేడియోహెడ్ లైబ్రరీ. ఆన్, ఆఫ్ బాగానే ఉన్నాయి. వెలుగు నెమ్మదిగా పెంచుదామని 9వ పిన్నులో ఎనలాగ్‌రైట్ పెడితే ఫేడ్ రావడం లేదు.

జవాబు: ఆ లైబ్రరీలో ఈ మాడ్యూళ్లను నడిపే ఏఎస్‌కే భాగం టైమర్1ను (చిప్‌లోని గడియారాల్లో ఒకటి) తన బిట్ల లెక్కకు తీసుకుంటుంది. యూనోలో 9, 10 పిన్నుల పీడబ్ల్యూఎం (వేగంగా వెలిగించి ఆర్పుతూ వెలుగు తగ్గించే పద్ధతి) నడిచేది ఆ టైమర్ మీదే. 3, 5, 6 పిన్నులు వేరే టైమర్లవి, వాటిలో ఒకదానికి మార్చితే చాలు. 11 వద్దు, మీరు మార్చకపోతే లైబ్రరీ దాన్ని రిసీవర్ పిన్నుగా వాడుతుంది. దూరం తక్కువ వస్తోందని కూడా రాశారు. రెండు మాడ్యూళ్లకూ 17.3 సెంటీమీటర్ల తిన్నని వైరు ముక్క యాంటెన్నాగా టంకం వేయండి. ఇది 433 మెగాహెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు, చుట్టచుట్టి పెట్టవద్దు.

ప్రశ్న: 12 వోల్టుల 5 మీటర్ల పట్టీని ఈఎస్‌పీ8266తో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (పెద్ద కరెంటును అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) ద్వారా నడుపుతున్నాను. మసకగా వెలుగుతుంది, మాస్‌ఫెట్ ముట్టుకోలేనంత వేడి. బోర్డు రీసెట్ అయ్యేటప్పుడు పట్టీ తనంతట తానే మెరుస్తుంది.

జవాబు: ఆ మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోవడానికి గేటుకు (దాన్ని అదుపు చేసే కాలు) 10 వోల్టుల వరకు కావాలి. 2 నుంచి 4 వోల్టుల మధ్య అది అప్పుడప్పుడే కళ్లు తెరుస్తుంది. మీరిచ్చేది 3.3. సగం తెరుచుకున్న తలుపు అది, పట్టీకి పోవలసిన శక్తి అక్కడే వేడిగా మారుతోంది. పేరులో ఎఫ్‌కు బదులు ఎల్ ఉన్న ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ తెండి. మీటరుకు 14.4 వాట్ల పట్టీ అయితే 5 మీటర్లకు 72 వాట్లు, అంటే 6 ఆంప్‌లు. అంత కరెంటుకు 3.3 వోల్టుల గేటు మీద ఆధారపడటం మాకు ఇష్టం లేదు. పైన చెప్పిన 74ఏహెచ్‌సీటీ125 ద్వారా గేటుకు 5 వోల్టులు ఇవ్వండి, మాస్‌ఫెట్ గోరువెచ్చగా ఉంటుంది.

రీసెట్‌లో మెరుపుకు కారణం వేరు. ఆ క్షణంలో గేటును పట్టుకునేవారు లేరు. గేటు నుంచి గ్రౌండుకు 10 కిలోఓమ్‌లు పెడితే అది నేలకు కట్టేసినట్టు ఉంటుంది. 74ఏహెచ్‌సీటీ125 మధ్యలో పెట్టాక దాని ఇన్‌పుట్ దగ్గర కూడా అలాంటిదే ఇంకొకటి వేయండి. పట్టీ చివరి భాగం మొదటికన్నా మసకగా ఉందంటే 12 వోల్టులను రెండు చివర్ల నుంచీ అందించాలి.

ప్రశ్న: ఎన్‌ఆర్‌ఎఫ్ రిమోట్ బ్యాటరీ తీసేసినా ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది. ఇంకొక సంగతి, ఒక్కసారి నొక్కితే ఒక్కోసారి వెలిగి వెంటనే ఆరుతుంది.

జవాబు: రెండోది ముందు చూద్దాం. మీ రిమోట్ "మార్చు" అనే ఆదేశం పంపుతోంది. సందేశం అందింది, రసీదు మాత్రం దారిలో పోయిందనుకోండి. రైట్() ఫాల్స్ ఇస్తుంది, మీ కోడు మళ్లీ పంపుతుంది. చిప్ తనంత తాను చేసే మళ్లీ ప్రయత్నాలను అవతలి చిప్ గుర్తుపట్టి పారేస్తుంది కానీ, మీరు మళ్లీ రైట్() పిలిస్తే అది కొత్త సందేశం కిందికి వస్తుంది. రెండుసార్లు "మార్చు" అంటే వెలిగి ఆరడమే కదా. "మార్చు" అనకుండా "వెలిగి ఉండు", "ఆరి ఉండు" అని పంపండి. అది పదిసార్లు చేరినా నష్టం లేదు. బటన్ కాంటాక్టు ఎగిరిపడటం వల్ల కూడా ఇలాగే జరుగుతుంది కాబట్టి నొక్కిన తర్వాత 30 మిల్లీసెకన్లు ఇంకే మార్పునూ లెక్కలోకి తీసుకోకండి.

ఇక మొదటిది. రిసీవర్‌కు చివరి ఆదేశమే వేదం, రిమోట్ ఉందో పోయిందో దానికి తెలీదు. రిమోట్ ప్రతి 200 మిల్లీసెకన్లకు ప్రస్తుత స్థితిని పంపాలి. రిసీవర్ సందేశం వచ్చిన ప్రతిసారీ మిల్లీస్() విలువను (బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు) దాచుకుని, మిల్లీస్() - చివరిసారి 1000 దాటితే ఎల్‌ఈడీ ఆర్పాలి. దాచుకునే వేరియబుల్ అన్‌సైన్డ్ లాంగ్‌గా ఉండాలి. ఇంట్ (చిన్న పూర్ణసంఖ్య) రకంలో దాస్తే 32 సెకన్లు దాటాక లెక్క చెడుతుంది. కూడికతో కాకుండా ఇలా తీసివేతతో రాస్తే 49.7 రోజులకోసారి మిల్లీస్() సున్నాకు తిరిగి వచ్చినా ఇబ్బంది రాదు. లూప్‌లో ఎక్కడా పెద్ద డిలే() ఉండకూడదు, ఉంటే ఈ కాపలా అంతసేపూ నిద్రపోతుంది.

ఒకవైపు యూనో, రెండోవైపు ఈఎస్‌పీ పెట్టుకున్నవారికి: యూనోలో ఇంట్ అంటే 2 బైట్లు, ఈఎస్‌పీలో 4. ఒకే స్ట్రక్ట్ (విలువలన్నీ కలిపి పంపే మూట) రెండు చోట్లా వేరువేరు పొడవుకు వచ్చి, వెలుగు విలువ ఉండవలసిన చోట చెత్త కనిపిస్తుంది. యూఇంట్8_టీ, ఇంట్16_టీ లాంటి పొడవు తెలిసిన రకాలే వాడండి, పెద్దవాటిని ముందు రాయండి, మొత్తం 32 బైట్లు దాటనివ్వకండి. బ్యాటరీ గురించి బెంగపడేవారు ఆ 200 మిల్లీసెకన్ల పలకరింపును దీపం వెలిగి ఉన్నంతసేపే పంపి, ఆరగానే రేడియో.పవర్‌డౌన్() చేసేయవచ్చు. ఆరిన దీపానికి కాపలా అవసరం లేదు.